చలికాలంలో కాలి మీద గోరుతో గీస్తే తెల్ల గీత ఎందుకు పడుతుంది?

చర్మం పై పొరలో నీరు తగ్గి, అక్కడి మృతకణాల అంచులు పైకి లేవడం వల్ల. ఆ అంచుల కింద చేరిన గాలి వెలుతురును చెదరగొడుతుంది, అందుకే తెలుపు.

ఆ పొర మందం చాలాచోట్ల మిల్లీమీటరులో సుమారు 50వ వంతే. కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్ నిండిన మృతకణాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి; మధ్యలో సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంచి, నీటిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వవు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎంజైములు కణాల మధ్య బంధాలను కరిగిస్తాయి, పాతవి కంటికి కనబడకుండా విడివిడిగా రాలిపోతాయి. కానీ ఆ ఎంజైములు పనిచేయాలంటే తడి కావాలి. పొరలో నీరు 10 శాతం కన్నా తగ్గితే అది పెళుసెక్కి, కణాలు గుంపులుగా ఊడతాయి. మనకు పొట్టులా కనిపించేది అదే.

ముఖం జిడ్డుగా ఉండేవాళ్లకు కూడా మోకాలి కింద ముందుభాగం పొడిబారుతుంది, అక్కడ నూనె గ్రంథులు తక్కువ కాబట్టి. పైగా వేడినీళ్లు, సబ్బు కలిసి అక్కడున్న కొవ్వును కూడా కడిగేస్తాయి.

నీళ్లు ఎక్కువ తాగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సమస్య సాధారణంగా లోపల నీరు లేక కాదు, పైనుంచి ఆవిరైపోయి. కొబ్బరినూనె కూడా తడినివ్వదు, ఉన్నదాన్ని ఆపుతుందంతే. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే రాస్తే పనికొస్తుంది.