గంట ఉపన్యాసాన్ని రికార్డు చేసి పెడితే ఆన్‌లైన్ కోర్సు అవుతుందా?

అమలాపురంలో డిగ్రీ విద్యార్థులకు ఆక్వాకల్చర్ (చేపలు, రొయ్యల పెంపకం) బోధించే అధ్యాపకులు అడిగిన ఈ ప్రశ్నకు నా సమాధానం: కాదు. కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలన్న నిర్ణయంతోనే రూపకల్పన మొదలుకావాలి. రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున ఎందుకు పడిపోతుందో వివరించి, ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఎప్పుడు తిప్పాలో చెప్పగలగడం లక్ష్యమైతే, రాత్రి రీడింగులిచ్చి నిర్ణయం అడిగే ప్రశ్నను ముందు తయారుచేసుకుని, దానికి అవసరమైన పాఠాన్ని ఆ తరువాతే రాసుకోవాలి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక వీడియోలపై 2014లో వెలువడిన అధ్యయనంలో విద్యార్థులు ఒక్కో వీడియోను చూసిన మధ్యస్థ సమయం 6 నిమిషాలు దాటలేదు కనుక పాఠాన్ని చిన్న భాగాలుగా విడగొట్టడం మేలు (అంతమాత్రాన చెడ్డ పాఠం మంచిదైపోదు లెండి). 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ సైతం వీడియోతోపాటు పఠన సామగ్రి, చర్చ, మూల్యాంకనం ఉండాలంటుంది.