విమానం రిజిస్ట్రేషన్ నంబర్ ఎవరిస్తారు? ఎయిర్‌లైన్ దాన్ని ఎలా ట్రాక్ చేస్తుంది?

విమానం తోక దగ్గర రాసి ఉండే నంబర్ ఎయిర్‌లైనే పెట్టుకుంటుందా, ఫ్లైట్ నంబర్‌తో అది ఎందుకు కలవదు, ఏ విమానం ఎక్కడుందో వాళ్లకి ఎలా తెలుస్తుంది అని అడిగారు. నేను ఒక ఎయిర్‌లైన్ టెక్నికల్ రికార్డ్స్‌లో కొన్నేళ్లు పనిచేశాను. రోజంతా ఆ నంబర్లతోనే పని, అందుకే జవాబు రాస్తున్నాను.

ఆ నంబర్ ఇచ్చేది దేశం, ఎయిర్‌లైన్ కాదు. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం విమానం ఎక్కడ రిజిస్టర్ అయితే దానిది ఆ దేశపు జాతీయత. ఒకేసారి రెండు దేశాల రిజిస్టర్లలో ఉండకూడదు. మొదట కనిపించే అక్షరాలు ఆ దేశానివే: ఇండియాకి వీటీ, అమెరికాకి ఎన్, జర్మనీకి డీ, సింగపూర్‌కి 9వీ. ఆ తర్వాతి భాగంలో ఖాళీగా ఉన్నవాటిలోంచి ఎయిర్‌లైన్ కోరుకోవచ్చు. చాలా సంస్థలు ఒక్కో రకం విమానానికి ఒక వరస అట్టిపెట్టుకుంటాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఏ380లు 9వీ-ఎస్‌కేఏతో మొదలయ్యాయి, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వి జీ-ఎక్స్ఎల్ఈఏతో. అలవాటైన వాళ్లు అక్షరాలు చూసే అది ఏ రకం విమానమో చెప్పేస్తారు. అమెరికా నంబర్లలో ఐ, ఓ అక్షరాలు వాడరు, ఒకటి, సున్నా అని పొరబడతారని.

ఫ్లైట్ నంబర్ ప్రయాణానికి పేరు, రిజిస్ట్రేషన్ యంత్రానికి పేరు. ఒకే విమానం పొద్దుట్నుంచి రాత్రిలోపు ఐదారు ఫ్లైట్ నంబర్లు మోస్తుంది. టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఫలానా రకం విమానం అని మాత్రమే రాసుకుంటారు. ఏ టెయిల్, అంటే ఏ రిజిస్ట్రేషన్ ఉన్న విమానం, వెళ్లాలన్నది ప్రయాణం దగ్గర పడ్డాక తేలుతుంది. ఈ పనిని టెయిల్ అసైన్‌మెంట్ అంటారు. నిన్న రాత్రి ఆ విమానం ఎక్కడ ఆగింది, తర్వాతి మెయింటెనెన్స్ చెక్‌కి ఇంకా ఎన్ని గంటలు మిగిలాయి, టెక్ లాగ్‌లో (విమానంలోని లోపాలు, రిపేర్లు రాసే పుస్తకం) వాయిదా వేసిన రిపేర్లు ఏమున్నాయి, అన్నీ చూడాలి. ఏపీయూ (ఇంజన్ స్టార్ట్ చేయడానికి తోడ్పడే, విమానంలోనే ఉండే చిన్న ఇంజన్) పనిచేయని విమానాన్ని ఇంజన్ స్టార్ట్ చేయడానికి బయటి సదుపాయం లేని ఎయిర్‌పోర్టుకి పంపితే అక్కడే ఇరుక్కుపోతుంది. చివరి నిమిషంలో టెయిల్ మారితే ఫ్లైట్ ప్లాన్, లోడ్‌షీట్ (విమానం బరువుల లెక్క కాగితం) కూడా మారాలి. ఒకే మోడల్ అయినా ఏ రెండు విమానాల ఖాళీ బరువూ ఒకటి కాదు.

విమానం కదలగానే, నేల విడవగానే, దిగగానే, ఆగగానే నాలుగు సమయాలు చాలా విమానాల నుంచి ఏకార్స్ (విమానానికీ నేలకీ మధ్య చిన్న సందేశాలు పంపే వ్యవస్థ) ద్వారా ఆటోమేటిక్‌గా వస్తాయి. ఆ టెయిల్ పేరు మీద ఎగిరిన గంటలు, సైకిల్స్ (ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్) జమ అవుతాయి. మెయింటెనెన్స్ లెక్కంతా వీటి మీదే నడుస్తుంది. ఒక్క సెక్టార్, అంటే ఒక్క ప్రయాణం, పొరపాటున వేరే టెయిల్‌కి పడితే, రెండు విమానాల లెక్కలూ తప్పుతాయి. ఇంజన్లు ఒక విమానం నుంచి ఇంకోదానికి మారుతుంటాయి కాబట్టి వాటికి సొంత సీరియల్ నంబర్ మీద వేరే లెక్క ఉంటుంది.

ఇక ఫ్లైట్ ట్రాకింగ్ సైట్లు విమానాన్ని గుర్తుపట్టేది ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి జవాబు సిగ్నల్ పంపే విమానంలోని పరికరం) పంపే 24 బిట్ల కోడ్‌తో, అంటే 24 ఒకట్లు, సున్నాల వరసతో. మొత్తం 1,67,77,216 కోడ్లు ఉంటే దేశాలకి వాటాలు వేసి పంచారు. రిజిస్ట్రేషన్‌తో పాటే ఇదీ కేటాయిస్తారు. విమానం దేశం మారితే ఇదీ మారాలి. దీంతో నాకు ఎదురైన సంగతి ఒకటి చెప్పాలి.

ఒకసారి వేరే దేశం నుంచి లీజు మీద ఒక విమానం వచ్చింది. రాత్రి హ్యాంగర్‌లో పాత అక్షరాలు ఊడదీశారు. వాటి కింద పెయింట్‌కి ఎండ తగలలేదు, అందుకని పాత నంబర్ నీడలా అలాగే కనబడుతూ ఉంది. దాన్ని రుద్ది కొత్తది వేశారు. కాక్‌పిట్‌లో ప్లేట్ మార్చారు, తలుపు దగ్గర ఉండే, మంటల్లో కాలని గుర్తింపు ప్లేట్ కూడా మార్చారు. కొత్త సర్టిఫికెట్ ఫోల్డర్‌లో పెట్టాను. తెల్లవారుజామున టెస్ట్ సెట్‌తో చూస్తే ట్రాన్స్‌పాండర్ ఇంకా పాత దేశం కోడే పంపుతోంది! ట్రాన్స్‌పాండర్ బాక్స్ మార్చారు, ఫలితం లేదు. ఆ విమానంలో కోడ్ ఉన్నది బాక్స్‌లో కాదు, దాన్ని బిగించే రాక్ వెనక వైరింగ్‌లో. 24 పిన్నులు, కలిపిన పిన్ను ఒకటి, వదిలేసిన పిన్ను సున్నా. ఇంజనీర్ కాక్‌పిట్ కింది ఏవియానిక్స్ బేలో (ఎలక్ట్రానిక్ పరికరాలు ఉండే అర) టార్చ్ పట్టుకుని పడుకుంటే, నేను కాగితం చూసి ఒకటి, సున్నా, సున్నా అని పైనుంచి చదివాను. మళ్లీ టెస్ట్ చేసి సరైన కోడ్ వచ్చేదాకా మా అందరికీ టెన్షనే. ఫ్లైట్ ఆలస్యమైంది. అయినా పాత కోడ్‌తో దాన్ని గాల్లోకి పంపకపోవడమే సరైన పని అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ కోడ్ చూసే రాడార్ ఒక విమానాన్ని ఇంకోదాన్నుంచి వేరు చేస్తుంది.

మీరు ఏదైనా విమానం చరిత్ర వెతకాలనుకుంటే రిజిస్ట్రేషన్‌తో ఆగకండి. చేతులు మారినప్పుడు అది మారిపోవచ్చు. పైగా కొన్ని దేశాలు పాత నంబర్‌ని ఇంకో విమానానికి ఇస్తాయి. ఫ్యాక్టరీ ఇచ్చిన సీరియల్ నంబర్ మాత్రం తుక్కుకి వెళ్లేదాకా అదే. తయారీ సంస్థ పేరు, మోడల్, ఆ సీరియల్ నంబర్, మూడూ కలిపి వెతికితే అది ఎక్కడెక్కడ తిరిగిందో మొత్తం బయటపడుతుంది.