హరిహర, మురారిదేవుల తిరుగుబాటు నెగ్గి ఉంటే నల్లగొండ ఎలా ఉండేది?

రుద్రమదేవిపై ఆమె సవతి సోదరులు హరిహరదేవుడు, మురారిదేవుడు చేసిన తిరుగుబాటు ఫలించి ఉంటే ఏమయ్యేదని అడిగారు. నకిరేకల్ ప్రాంతంలో చాలాకాలం సాంఘికశాస్త్రం బోధించినవాణ్ని కనుక, ఓరుగల్లు కంటే మా జిల్లా వైపు నుంచే దీన్ని చూస్తాను.

ఈ కథకు ఆధారం శాసనాలు కావు, కాకతీయుల పతనం తర్వాత చాలాకాలానికి పుట్టిన ప్రతాపచరిత్ర. ఆ సోదరులు ఓరుగల్లును ఆక్రమించారని, రుద్రమ బలగం కూడగట్టుకుని వారిని ఓడించిందని అందులో ఉంది. ఆమె పక్షాన నిలిచిన రేచర్ల ప్రసాదిత్యుడికి ‘కాకతీయ రాజ్యస్థాపనాచార్య’ అనే బిరుదు ఉందంటే, రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టవలసినంత ప్రమాదమే వచ్చిందని నేను నమ్ముతాను.

ఒకసారి పిల్లలను నకిరేకల్ దగ్గరి చందుపట్ల ఊళ్లోని శాసనం దగ్గరికి తీసుకువెళ్లాను. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు సోమనాథదేవుడికి భూమి ఇచ్చాడని 1289 నాటి ఆ రాయి చెబుతుంది. “రాణి సావు సంగతి గొప్పోళ్లు రాయించలేదా సార్, ఒక బంటు రాయించిండా?” అని ఒక అమ్మాయి అడిగింది. మీ ప్రశ్నకు జవాబు ఆ పిల్ల మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. పుట్టుకతో వచ్చిన పెద్దరికం కంటే కొలువులో చూపిన విధేయతనే రుద్రమ ఎక్కువగా నమ్ముకుంది కనుకనే, పెద్ద వంశం లేని బంట్లూ లెంకలూ (రాజుకు ప్రాణమిచ్చే సేవకులు) ఆమె కాలంలో పైకి రాగలిగారు.

పాత సామంతుల అండతో గద్దెనెక్కిన సోదరులైతే ఆ రుణాన్ని వారికే సీమలు పంచి తీర్చుకునేవారు, ఎదురు నిలిచిన ప్రసాదిత్యుడి వంశాన్ని బతకనిచ్చేవారు కారు. అప్పుడు మా జిల్లా వైపు రాచకొండ, దేవరకొండలను తర్వాత ఏలిన ఆ వంశపు రేచర్ల పద్మనాయకులు ఎక్కడి నుంచి వచ్చేవారు? అంతఃకలహంలో చిక్కిన ఓరుగల్లు, రుద్రమ తిప్పికొట్టిన దేవగిరి యాదవ రాజు మహాదేవుడి దాడికి తట్టుకునేదని కూడా నేను అనుకోను. ఢిల్లీ సైన్యం ఎలాగూ వచ్చేది, 1323 నాటి పతనం తప్పేది కాదేమో. కానీ ఆ పతనం తర్వాత ఈ కొండల మీద కోటలు కట్టుకుని నిలిచిన నాయకులు మాత్రం ఉండేవారు కారు.