ఆ జ్ఞాపకాన్ని తిరిగి ఇవ్వకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి ప్రతీ, తిరగరాసిన రెండో ప్రతీ అందాయి. వాటితోపాటు, ముందుగా చదివినవాళ్ళు రాసిచ్చిన అభిప్రాయాలన్నీ ఒకచోట చేర్చి పంపావు కదా, అవీ చదివాను. మొదటి ప్రతి పూర్తిచేశాక చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను. రెండో ప్రతి పూర్తిచేశాక కోపం వచ్చింది. చల్లారాక రాద్దామనుకున్నాను గానీ చల్లారేలా లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మొదటి ప్రతిలో ఆఖరి అధ్యాయం ఒకసారి గుర్తుచేసుకో. మంత్రం వేసిన ప్రతిసారీ ఆ పిల్ల ఒక జ్ఞాపకం పోగొట్టుకుంటుంది. చావుబతుకుల మధ్య ఉన్న తమ్ముణ్ణి కాపాడుకోవడానికి చివరికి వాడి జ్ఞాపకాలే ఇచ్చేస్తుంది. వాడు బతుకుతాడు. కోలుకుని, గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ గుమ్మం దాకా వస్తే అక్క ఎదురవుతుంది. పరాయివాళ్ళ పిల్లాడికి దారి ఇచ్చినట్టు పక్కకి తప్పుకుని నిలబడుతుంది. ఆమె నోట ఒక్క మాట కూడా పెట్టలేదు నువ్వు. అక్కడే అధ్యాయం ఆపేశావు. పదమూడేళ్ళ పిల్ల ఒక్కరోజులో పెద్దదైపోవడం అంటే ఏమిటో ఆ పక్కకి తప్పుకోవడంలో కనిపించింది నాకు.

రెండో ప్రతిలో ఏం చేశావు? తమ్ముడి కన్నీటిబొట్టు ఆమె చేతిమీద పడగానే పోయినవన్నీ గుర్తొచ్చేశాయి. ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. ఎందుకమ్మా?

ఎందుకో ఆ అభిప్రాయాలు చూస్తే తెలిసింది. "ముగింపు భరించలేకపోయాను, దయచేసి మార్చండి" అని ఒకావిడ రాసింది. "చిన్నపిల్లకి ఇంత శిక్షా?" అని ఇంకొకరు. "చీకటి ఎక్కువైంది" అని ముగ్గురు. నువ్వు టెన్షన్ పడిపోయి, అందరి మాటా మన్నించేసి, రెండు నెలల్లో నవల తిరగరాసేశావు. భరించలేకపోయాను అన్నావిడకి నీ కథ గట్టిగా తగిలింది. తగిలింది కాబట్టే మార్చమంటోంది. ఆవిడ బాధ నిజమే, కానీ మార్చిన ప్రతి ఆవిడకే ఇచ్చి చూడు. హమ్మయ్య అనుకుని పక్కన పెట్టేస్తుంది. మళ్ళీ దాని గురించి నీకు ఉత్తరం ముక్క రాయదు.

ఈ విషయంలో నేను మొండివాణ్ణి. మాయ ఉన్న కథలో ఎవరు ఏది చెల్లించినా అది తిరిగి రాకూడదు. కొంచెం కూడా రాకూడదు. తిరిగి వచ్చేదయితే అది తాకట్టు పెట్టినట్టే తప్ప చెల్లించినట్టు కాదు. చిన్నప్పుడు పోయినవి ఏడిస్తే ఎవరో ఒకరు వెతికి తెచ్చిస్తారు. ఎంత ఏడ్చినా తిరిగి రానిది ఒకటి మొదటిసారి పోతుంది చూడు, నీ నవల ఆ రోజు గురించే. ఆ పిల్ల చేతికి జ్ఞాపకాలు తిరిగి ఇచ్చేశాక, మూడువందల పేజీలు ఆమె ఎదగడానికి కాకుండా ఎవరినో భయపెట్టడానికి రాసినట్టు అయిపోయింది.

డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1838లో రాసిన అడవి హంసల కథ నువ్వు చదివే ఉంటావు. పదకొండుమంది అన్నదమ్ములు హంసలైపోతారు. వాళ్ళు మళ్ళీ మనుషులు కావాలంటే వాళ్ళ తోబుట్టువైన ఒకే ఒక్క ఆడపిల్ల, తాకితే చేతులు బొబ్బలెక్కే మొక్కల నారతో పదకొండు చొక్కాలు అల్లాలి. పని పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు, విప్పితే వాళ్ళు చచ్చిపోతారు. మంత్రగత్తె అని ముద్ర వేసి ఆమెని తగలబెట్టడానికి తీసుకుపోతున్నా బండిలో కూర్చుని అల్లుతూనే ఉంటుంది. ఆఖరి నిమిషంలో చొక్కాలన్నీ హంసల మీదికి విసురుతుంది. ఆఖరి చొక్కాకి ఒక చెయ్యి అల్లడం కాలేదు. అందుకని అందరికంటే చిన్నవాడికి ఒక చేయి స్థానంలో హంస రెక్కే ఉండిపోతుంది. ఆ తర్వాత గంటలు మోగుతాయి, పూలు పూస్తాయి, రాజుతో ఊరేగింపు జరుగుతుంది. ఆ రెక్కని మాత్రం ఆండర్సన్ చెయ్యిగా మార్చలేదు. ఊరేగింపు ఎవరికీ గుర్తుండదు. రెక్క అందరికీ గుర్తుంటుంది. అక్కాతమ్ముళ్ళ కథ రాస్తున్న నీకు ఇంతకంటే దగ్గరి పాఠం నేను చెప్పలేను.

అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ 1968లో మొదలుపెట్టిన ఎర్త్‌సీ నవలలు ఇంకా కఠినం. మంత్రవిద్య నేర్చుకుంటున్న గెడ్ అనే కుర్రాడు తోటి విద్యార్థి మీద పంతానికి పోయి చచ్చిపోయిన మనిషి ఆత్మని పిలుస్తాడు. ఆ సందులోంచి ఒక నీడ బయటపడి వాడి ముఖం చీరేస్తుంది. ఆ సందు మూసే ప్రయత్నంలో గురువులందరికీ పెద్ద అయిన ఆయన ప్రాణం పోతుంది. కుర్రాడి ముఖం మీద మచ్చలు అలాగే ఉండిపోతాయి. 1972లో వచ్చిన నవలలో అదే గెడ్, చావుకీ బతుక్కీ మధ్య తెరుచుకున్న దారి మూయడానికి తన శక్తంతా ఖర్చుపెట్టేస్తాడు. మళ్ళీ 1990లో ఆమె ఆ కథ అందుకుంది. పద్దెనిమిదేళ్ళు గడిచాయి, కావాలంటే శక్తి తిరిగి ఇచ్చేయవచ్చు, ఇవ్వలేదు. మంత్రం పోయిన మనిషి మేకలు కాసుకుంటూ, సిగ్గుపడుతూ ఎలా బతుకుతాడో రాసింది. నాకు ఆ మేకలు కాసే గెడ్ అంటేనే ఎక్కువ ఇష్టం.

ఈ మొండితనానికి నేనూ ఖరీదు చెల్లించాను కాబట్టి చెప్తున్నాను. వయసులో ఉండగా ఒక వారపత్రికకి మాంత్రికుడి శిష్యుడి కథ సీరియల్‌గా రాశాను. ఒక తలుపు తెరవడానికి ఆ కుర్రాడు ఒక కంటి చూపు ఇచ్చేస్తాడు. నాలుగు వారాలు తిరక్కుండానే ఎడిటర్ పిలిచి బల్లమీద ఉత్తరాల కట్ట పెట్టాడు. "హీరో ఒంటికన్నువాడైతే బొమ్మ బాగుండటం లేదు, పాఠకులు ఊరుకోవడం లేదు, వచ్చే సంచికలో కన్ను తెప్పించు" అన్నాడు. ఉత్తరాలు చదివి చెప్తానన్నాను. పైన ఉన్నవన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి. కట్ట అడుగున ఉన్నవి ఆయన విప్పి కూడా చూడలేదు. అందులో ఒకటి ఒక స్కూలు కుర్రాడిది. ఒక కన్నే ఉంటే మెట్టు ఎంత దూరంలో ఉందో తెలియదు కదా, ఆ గుహ మెట్లు వాడు ఎలా దిగాడో సరిగా రాయలేదు, రాయండి అని అడిగాడు. ఆ ఉత్తరం ఎడిటర్ ముందు పెట్టాను. ఆయన నవ్వి, అలాంటివాళ్ళ కోసం పత్రిక నడవదన్నాడు. కన్ను తెప్పించనన్నాను. మిగతా భాగాలు వేరే ఎవరితోనో రాయించి, ఒక మూలిక పసరు పోసి కన్ను తెప్పించి, నా పేరుతోనే వేశారు. నాకు రావలసిన డబ్బు రాలేదు. ఆ తర్వాత చాలాకాలం నా కథ పుచ్చుకునే పత్రిక దొరకలేదు. పాఠకుల పేరు చెప్పి తమకి కావలసింది రాయించుకునే ఎడిటర్లంటే నాకు ఇప్పటికీ మంట. పాఠకులు ఎప్పుడూ ఒక్క గొంతుతో మాట్లాడరు. కట్టలో పైన ఏది పెట్టాలో ఎవరో ఒకరు ఎంచుతారు. నీ ఫైలులో ఆ పని నువ్వే చేసుకున్నావు.

ఇక "చీకటి ఎక్కువైంది" అన్న ముగ్గురి మాట వేరు. వాళ్ళని నేను కొట్టిపారేయను. ముగ్గురూ తొమ్మిదో అధ్యాయం దగ్గరే ఆగిపోయామన్నారు, అది చూసుకో. నాలుగు నుంచి పది దాకా పుర్రెలు, నెత్తురు, కాకులు, మళ్ళీ నెత్తురు. చదువుతుంటే భయం వేయలేదు, విసుగొచ్చింది. ఎందుకంటే అప్పటికి తమ్ముడు మంచం మీద మూలిగే రోగి మాత్రమే. వాడికి ఏ ఆట ఇష్టం, అక్కని ఏమని విసిగిస్తాడు, అబద్ధం చెప్పేటప్పుడు ఎటు చూస్తాడు, ఏమీ తెలియదు. వాడు పోతే మాకేం పోతుందో చెప్పకుండా, పోతాడు పోతాడని ఏడు అధ్యాయాలు డప్పు కొట్టావు. తీసేయాల్సింది చీకటి కాదు, దానికి ముందు పెట్టాల్సిన వెలుతురు పెట్టలేదు నువ్వు.

భయం ఎలా రాయాలో నన్నయని అడుగు. చచ్చినవాళ్ళని బతికించే విద్య నేర్చుకోవడానికి శత్రువుల గురువు దగ్గరికి వెళ్ళిన కుర్రాడి కథ మనకి 11వ శతాబ్దం నుంచి తెలుగులో ఉంది, ఆదిపర్వంలో. ఇదంతా కొత్త ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నమ్మకు. కచుణ్ణి అడవిలో రాక్షసులు చంపేశారు. ఆ గురువు కూతురు దేవయానికి ఆ సంగతి తెలియదు. తండ్రి దగ్గరికి వచ్చి చెప్తుంది. సూర్యుడు పడమటి సముద్రంలో కుంగిపోయాడు, ఆవులు వాటంతటవే వచ్చేశాయి, నీ అగ్నిహోత్రాలు వేల్చడం అయింది, పొద్దు పోయింది, కచుడు మాత్రం రాలేదు అంటుంది. మృగాలో రాక్షసులో పాములో ఏం చేశాయోనని అప్పుడు దిగులుపడుతుంది. ఆ పద్యంలో నెత్తురు చుక్క లేదు. రోజూ జరిగే పనులన్నీ వరసగా జరిగిపోయాయి, ఒక్క మనిషే లేడు. కాపరి లేకుండా ఇంటికొచ్చిన ఆవుల్ని చూశాక నాకు ఏ పుర్రె చూసినా భయం వేయదు. నీ ఏడు అధ్యాయాల్లో అలాంటి ఆవు ఒక్కటి కావాలి.

ఆ కథలో కూడా చివరికి ఎవరికీ ఏదీ వెనక్కి రాదు. బూడిదై, సురలో కలిసి, గురువు కడుపులోకి వెళ్ళి, అక్కడే విద్య నేర్చుకుని, ఆయన్ని చీల్చుకుని బయటికొచ్చి, అదే విద్యతో ఆయన్ని బతికించిన కచుడికి, తన ప్రేమని కాదన్నాడని దేవయాని పెట్టిన శాపంతో ఆ విద్య పనిచేయకుండా పోతుంది. తను నేర్పినవాళ్ళకి పనిచేస్తుందిలే అని వెళ్ళిపోతాడు. దేవయాని మనసూ అతుక్కోలేదు. నన్నయ ఎవరినీ బుజ్జగించలేదు.

మ్యాజిక్ రూల్స్ క్లారిటీగా లేవని ఒకతను పట్టిక గీసి మరీ పంపాడు. ఏ మంత్రానికి ఎన్ని జ్ఞాపకాలు పోతాయి, చిన్న జ్ఞాపకమా పెద్దదా అని. అతని కోసం నువ్వు ముసలి గురువమ్మ చేత ఆరు పేజీల పాఠం చెప్పించావు. తీసెయ్. ఏం పోతుందో, ఎవరిది పోతుందో పాఠకుడికి తెలిస్తే చాలు. మంత్రాన్ని లెక్కల పుస్తకం చేసే ఈ ఫ్యాషన్ వచ్చాక, చదవడం మొదలుపెట్టిన చాలా నవలల్ని మధ్యలో వదిలేశాను.

నీ ఫైలు ఆఖరి పేజీలో, అందరి పొడుగాటి అభిప్రాయాల కింద, ఒకే ఒక్క వాక్యం ఉంది. "తర్వాత ఆ తమ్ముడు ఏం చేశాడు?" నువ్వు దాని పక్కన గీత కూడా పెట్టుకోలేదు. నీకు వచ్చినవాటిలో విలువైనది అదే. ఆ పాఠకుడు నీ ముగింపుని మార్చమనలేదు, ఒప్పుకున్నాడు. ఒప్పుకుని గుమ్మం దగ్గర ఆ పిల్లాడితో పాటు నిలబడిపోయాడు. నవలకి ఇంకేదైనా కలపాలనిపిస్తే అక్కడ కలుపు. తనని ఎరగని అక్కతో అదే ఇంట్లో వాడు ఎలా ఉంటాడు? కొత్తగా పరిచయం చేసుకుంటాడా, కోపం తెచ్చుకుంటాడా, తన ప్రాణానికి ఇచ్చిన ఖరీదు ఇదని వాడికి ఎవరు చెప్తారు? ఆమెకి వాడి మీద జాలి కలగొచ్చు, కొత్తగా ఇష్టం కూడా కలగొచ్చు. గుర్తు మాత్రం రాకూడదు.

మూడు భాగాలు చేయాలా, పిల్లల పుస్తకమనాలా పెద్దలదనాలా, ఏ పేరు పెట్టాలి అని చాలా అడిగావు. వాటి సంగతి ఇప్పుడు వద్దు.

ముందు రెండో ప్రతి పక్కన పడేసి మొదటిదే తీసుకో. నాలుగు నుంచి పది దాకా ఉన్నవాటిని మూడు అధ్యాయాలకి కుదించు. మొదట్లో తమ్ముణ్ణి మంచం మీంచి లేపి, వాడికి జబ్బు చేయకముందు రోజులు రెండు మూడు చూపించు. ఆ తర్వాత చదివించేటప్పుడు పాతవాళ్ళకి ఇవ్వకు, కథ తెలియని వాళ్ళకి ఇవ్వు. నచ్చిందా అని అడగకు. ఎక్కడ ఆపారు, ఎక్కడ పేజీలు తిప్పేశారు, ఎవరి గురించి దిగులుపడ్డారు అని మాత్రం అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకో. తమ్ముడి అధ్యాయం అవగానే నాకు పంపు, మిగతాదంతా పూర్తయ్యేదాకా ఆగకు.