టెక్ సందేహాలు: నాలుగు మెయిల్‌బాక్సుల తాళాలు ఒకే ఫైల్‌లో

ప్రశ్న: లినక్స్‌లో ఫెచ్‌మెయిల్ పెట్టుకుని నాలుగు ఖాతాల మెయిల్స్ ఒకేచోటికి తెచ్చుకుంటున్నాను. కంప్యూటర్‌లోకి వచ్చినవి ఫోన్‌లో కనబడటం లేదు. పాస్‌వర్డ్‌లు కాన్ఫిగ్ ఫైల్‌లోనే రాసి పర్మిషన్ 600 ఇచ్చాను. అది చాలా?

జవాబు: ఫోన్‌లో మెయిల్స్ మాయమయ్యాయని ఇదివరకూ చాలామంది రాశారు. ఫెచ్‌మెయిల్ తనంతట తాను చేసే పనే అది: తెచ్చిన మెయిల్‌ను సర్వర్‌లో చెరిపేస్తుంది. ప్రతి ఖాతా వివరాల్లోనూ ‘కీప్’ అని చేర్చండి, ఆగిపోతుంది. పోయినవి మీ కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి ఐమ్యాప్ (మెయిల్స్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే పద్ధతి) ద్వారా తిరిగి ఎక్కించుకోవచ్చు. 1990ల్లో, డయలప్ రోజుల్లో పుట్టిన ప్రోగ్రామ్ ఇది. ఫోన్‌లోనూ చదివేవారికి ఎంబీసింక్ నయం, సర్వర్‌లోని మెయిల్‌బాక్సునూ కంప్యూటర్‌లోని కాపీనీ ఒకేలా ఉంచే ప్రోగ్రామ్ అది. అందులో ‘సింక్ పుల్’ అని పెడితే మెయిల్స్ సర్వర్ నుంచి ఇటే వస్తాయి, మీరిక్కడ ఏం చెరిపినా అక్కడ చెక్కుచెదరదు.

నన్ను కలవరపెట్టింది మీ రెండో మాట. 600 అంటే ఆ ఫైల్‌ను చదవగలిగేది, మార్చగలిగేది మీ లాగిన్ ఒక్కటే. అది ఆపేది అదే కంప్యూటర్ వాడే ఇతర యూజర్లను మాత్రమే. మీ లాగిన్‌తో నడిచే ఏ ప్రోగ్రామైనా ఆ ఫైల్ చదవగలదు. హోమ్ ఫోల్డర్ బ్యాకప్‌తో పాటు అదీ వెళ్తుంది. కాన్ఫిగ్ ఫైళ్లన్నీ గిట్‌లో (ఫైళ్ల పాత రూపాలన్నీ భద్రపరిచే ప్రోగ్రామ్) దాచుకునే అలవాటుంటే మరీ ప్రమాదం, తర్వాత తీసేసినా పాత కమిట్లలో, అంటే అది దాచిన పాత రూపాల్లో, పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. పైగా మీరు రాసినవి యాప్ పాస్‌వర్డ్‌లే (ఇలాంటి ప్రోగ్రామ్‌ల కోసం మెయిల్ సర్వీసు విడిగా ఇచ్చేవి) అయితే వాటికి ఓటీపీ అడ్డు ఉండదు. దొరికినవాడు నేరుగా మెయిల్‌బాక్సులోకి వస్తాడు. మీ మిగతా ఖాతాల ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ లింకులన్నీ వచ్చేది అక్కడికే కదా!

అందుకే పాస్‌వర్డ్‌ను ఫైల్‌లో రాయకండి. ఎంబీసింక్‌లో ‘పాస్‌సీఎండీ’ అనే ఆప్షన్ ఉంది. అక్కడ ఒక కమాండ్ ఇస్తే, అది చూపించే పాస్‌వర్డ్‌నే వాడుకుంటుంది. ‘పాస్’ అనే ప్రోగ్రామ్ ఒక్కో పాస్‌వర్డ్‌ను జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది, ఈ రెండింటినీ జతచేయండి. మీరు జీపీజీ కీ తాళం తీసి ఉంచినంతసేపు మీ లాగిన్‌తో నడిచే ప్రోగ్రామ్‌లకూ అది అందుతుంది, నిజమే. కానీ బ్యాకప్‌లోనో గిట్‌లోనో చేరేది మాత్రం జీపీజీ కీ లేనివాడికి ఎందుకూ పనికిరాదు. ఆ కీని మాత్రం అదే బ్యాకప్‌లో పెట్టకండి.

తప్పంతా మీదేనని నేననను. మెయిల్ తెచ్చుకోవడానికి చదివే అనుమతి ఒక్కటి చాలు. చాలా సర్వీసులు మాత్రం యాప్ పాస్‌వర్డ్ ఇస్తే చదవడానికీ, చెరపడానికీ, మన పేరుతో పంపడానికీ కలిపే ఇస్తాయి. చదవడానికి మాత్రమే పనికొచ్చే పాస్‌వర్డ్ ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు. లాగిన్ పేజీకి ఏటా కొత్త రంగులు వేసేవాళ్లు దీన్ని ఇన్నాళ్లుగా పట్టించుకోకపోవడం నిర్లక్ష్యమే.

ఈలోపు మీరు నాలుగు ఖాతాల్లోనూ పాత యాప్ పాస్‌వర్డ్‌లు రద్దు చేసి కొత్తవి తీసుకోండి. కాన్ఫిగ్ ఫైల్ ఇప్పటికే ఎక్కడికో కాపీ అయి ఉంటే, అందులో ఉన్నవి ఇక పనిచేయవు.