కెమెరా కబుర్లు: మెలికల ముగ్గు, ఊచల నీడ, లక్క గాజులు

పోయిన నెల అబ్‌స్ట్రాక్ట్ ఫొటోల గురించి, అంటే వస్తువేంటో చూపించడం కాకుండా గీతలూ వెలుగూ రంగులే ఫొటోగా తీయడం గురించి, నాలుగు ముక్కలు రాసి, డౌట్లుంటే పంపండి అన్నాను కదా, ఇన్ని ఉత్తరాలొస్తాయని అస్సలు అనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. ఎక్కువమంది అడిగినవీ, నన్ను రెండు మూడు రోజులు ఆలోచనలో పడేసినవీ తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను రిటైర్డ్ టీచర్ని. మా మనవడు తన పాత ఫోన్ నాకిచ్చాడు. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి ఎండ పడితే గిన్నెల స్టాండ్ నీడ గోడ మీద గీతలు గీతలుగా పడుతుంది, రోజూ అదే తీస్తుంటాను. ఇంట్లో చూపిస్తే "ఇదేంటి, ఏం అర్థం కావట్లేదు" అంటున్నారు. అబ్‌స్ట్రాక్ట్ అంటే అర్థం కాకపోవడమేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: కాదమ్మా. మీరు సంక్రాంతికి మెలికల ముగ్గు వేసే ఉంటారు, చుక్కలు పెట్టుకుని వాటి చుట్టూ గీత తిప్పుకుంటూ తిప్పుకుంటూ పోతే అది మళ్లీ మొదలుపెట్టిన చోటికే వచ్చి కలుస్తుంది. దాన్ని చూసి "ఇది పువ్వా, పక్షా, నాకర్థం కాలేదు" అని మీ వీధిలో ఎవరైనా అన్నారా? అనరు. గీత ఎటు తిరిగిందో కళ్లతో వెంటపడి చూస్తారు, ఎక్కడైనా తప్పితే చెప్తారు, బాగుంటే నోట్‌బుక్‌లో దించుకుంటారు. అంటే గీతని గీతగా చూడటం మనకి పుట్టినప్పట్నుంచీ వచ్చు, ఫొటో అనేసరికి మాత్రం అందులో మనిషో చెట్టో ఉండాలి అని ఎందుకో ఫిక్సయిపోయాం.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది పొడుపుకథ లాంటి ఫొటోలు తీస్తారు. కొత్తిమీర కాడని బాగా దగ్గరగా తీసి "ఇదేంటో చెప్పుకోండి చూద్దాం" అంటారు. అవతలివాళ్లు కొత్తిమీర అనగానే ఆ ఫొటో పనైపోయింది, రెండోసారి చూడటానికి అందులో ఏం లేదు. మీ ఫొటో అలా కాదు. నేను మా ఇంట్లో వాళ్లకి ముందే "ఇది గిన్నెల స్టాండ్ నీడ" అని చెప్పేసి మరీ చూపించాను, అయినా చూస్తూ ఉండిపోయారు. మీరూ అదే చేయండి, పేరు ముందే చెప్పేసి అప్పుడు చూపించండి, చెప్పాక కూడా కన్ను అక్కడే తిరుగుతుంటే ఆ ఫొటో నిలబడ్డట్టే.

మీరు పంపిన మూడింట్లో రెండో దాంట్లో కింద కుళాయి చివర కొంచెం దూరింది, చూశారా? ఆ కొంచెమే మొత్తం ఫొటోని వంటిల్లు చేసేసింది. ఒక్క అడుగు ముందుకెళ్తే పోతుంది. ఇంకోటి, గోడ మీద ఎండ పడ్డ చోట వేలు పెట్టి అలాగే నొక్కి పట్టుకుంటే సూర్యుడి బొమ్మ వస్తుంది కదా, దాన్ని కిందకి లాగండి, ఎండ తెల్లగా పేలిపోకుండా గోడ గరుకు కూడా కనిపిస్తుంది. తీసిన ఫొటోని పక్కకి తిప్పి చూడండి, తలకిందులుగా కూడా. 1916 ఎండాకాలంలో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం ట్విన్ లేక్స్ దగ్గర పాల్ స్ట్రాండ్ అనే 25 ఏళ్ల కుర్రాడు వసారాలో బల్ల మీద పడ్డ రెయిలింగ్ నీడలు తీశాడు. బల్లని పక్కకి ఒరిగించి, బొమ్మనీ తిప్పేసి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా చేశాడు. అబ్‌స్ట్రాక్ట్ ఫొటో చరిత్ర ఎవరు చెప్పినా దాని దగ్గర ఆగాల్సిందే. అదీ వసారాలో పడ్డ ఎండే, మీ వంటింట్లో పడ్డదీ ఎండే. ఆపకండమ్మా.

ప్రశ్న: అక్కా, కూకట్‌పల్లిలో రూమ్ తీసుకుని ఉంటున్న. పొద్దుగాల బాల్కనీ గ్రిల్ నీడ నేల మీద పడ్తది కదా, అది తీస్తున్న. ఊచ అడుగు దగ్గర నీడ బ్లేడుతోని కోసినట్టు షార్ప్‌గ వస్తది, పై భాగం నీడ మాత్రం మసక మసకైతది. ఫోన్ మార్చి చూసినా గంతే. లెన్స్ తప్పా, నా ఫోకస్ తప్పా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, రెండూ కాదు, అది సూర్యుడి పని, నువ్వు దాన్ని కనిపెట్టావంటే నీ కన్ను చాలా బాగా పని చేస్తోందన్నమాట. సూర్యుడు మనకి చుక్కలా కాదు, బిళ్లలా కనిపిస్తాడు, ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పు. ఆ బిళ్ల ఒక అంచు నుంచి వచ్చే వెలుగు ఊచని ఒకలా దాటుతుంది, ఇంకో అంచు నుంచి వచ్చేది ఇంకోలా దాటుతుంది, ఆ రెండిటి మధ్యలో సగం వెలుగు సగం నీడ ఉండే పట్టీ ఒకటి పడుతుంది, అదే నీకు కనిపించే మసక. ఊచకీ నేలకీ మధ్య వెలుగు ప్రయాణించే దూరం పెరిగేకొద్దీ ఆ పట్టీ వెడల్పవుతుంది, లెక్క కూడా సులువే, మీటరుకి దాదాపు 9 మిల్లీమీటర్లు. ఊచ అడుగు నేలకి ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కడ మసక ఉండదు. పొద్దున ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి ఊచ పై భాగం నీడ రెండు మూడు మీటర్ల దూరంలో పడుతుంది, అక్కడ అంచు రెండు మూడు సెంటీమీటర్లు అలుక్కుపోతుంది. మీ ఊచ 12 మిల్లీమీటర్ల మందం ఉందనుకో, మీటరుంబావు దాటాక దాని నీడలో పూర్తి నలుపనేదే మిగలదు.

బట్టలారేసే తీగ చూడు, ఇంకా బాగా తెలుస్తుంది. మూడు మిల్లీమీటర్ల తీగకి అడుగు దూరంలోనే నీడ పల్చబడటం మొదలవుతుంది, అందుకే డాబా మీద తీగ నీడ ఉందో లేదో అన్నట్టుంటుంది, దానికి పెట్టిన క్లిప్పుల నీడలు మాత్రం దేనికీ తగిలించకుండా గాల్లో వదిలేసినట్టు వరసగా మసక చుక్కల్లా పడతాయి. నేను ఒక శీతాకాలమంతా మా డాబా మీద అవే తీశాను.

ఇప్పుడు దీన్ని వాడుకో. ఒక తెల్ల కాగితం తీసుకుని ఊచల నీడలో పెట్టి మెల్లగా ఊచ వైపు జరుపుతూ రా, గీత నీ చేతిలోనే బిగుసుకుంటుంది, వెనక్కి తీస్తే వదులవుతుంది. ఫోకస్ రింగ్ తిప్పినట్టే, కాకపోతే కెమెరాలో కాదు, వెలుగులో. గీత ఎక్కడ గట్టిగా ఉండాలి, ఎక్కడ కరిగిపోవాలి అనేది ఇక నీ చేతిలో ఉంది. మబ్బు అడ్డమొస్తే ఆకాశమంతా వెలుగిస్తుంది కాబట్టి గీతలు ఒక్కసారిగా మాయమవుతాయి, ఆ మాయమయ్యే పది సెకన్లు కూడా తియ్యి.

వేప చెట్టు కింద నేల మీద పడే గుండ్రటి వెలుగు మచ్చలూ ఇంతే, ఆకుల మధ్య చిన్న సందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే ఒక్కో మచ్చ ఒక్కో సూర్యుడి బొమ్మ. 2020 జూన్ 21న మనకి పాక్షిక సూర్యగ్రహణం వచ్చినప్పుడు చెట్ల కింద ఆ మచ్చలన్నీ నెలవంకలైపోయాయి, మీలో చాలామంది చూసే ఉంటారు.

ప్రశ్న: అబ్‌స్ట్రాక్ట్ కోసం ఏ కెమెరా కొనమంటారు? బడ్జెట్ తక్కువ.
– డిగ్రీ విద్యార్థిని, ఉప్పల్

జవాబు: ఇప్పుడేం కొనొద్దమ్మా, ఆరు నెలలు ఫోన్‌తో తియ్యి. ఎవరి దగ్గరైనా పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) దొరికితే మాత్రం 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూసుకో, కొనేముందు లెన్స్‌లోకి టార్చ్ కొట్టి చూడు, లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ప్రశ్న: మేడమ్, లాడ్ బజార్‌లో లక్క గాజులు కావాలనే అవుటాఫ్ ఫోకస్‌లో తీసి ఒక క్లబ్ పోటీకి పంపాను. "ఫోకస్ లేదు" అని ఒక్క ముక్కలో తీసేశారు. మసక తప్పెప్పుడు, మసక కావాలని తీసిందని ఎప్పుడు తెలుస్తుంది? ఫొటో జత చేస్తున్నాను.
– బి.ఎఫ్.ఏ. విద్యార్థి, మాసబ్‌ట్యాంక్

జవాబు: ఒక్క ముక్కలో తీసేయడం సరి కాదు, కుర్రాడు కష్టపడి తీశాక కారణం చెప్పాలి. ఆ కారణం నేను చెప్తాను, ఏమనుకోకు. నీ ఫొటో రెండు రోజులు నా టేబుల్ మీదే పెట్టుకున్నాను. ఎడమ పక్కన ఆ ఎరుపూ ఆకుపచ్చా ఒకదాని మీదకి ఒకటి ఎక్కిన చోట చాలా బాగుంది. కానీ మసక సగంలో ఆగిపోయింది. గాజుల వరసలు పోల్చుకునేంత క్లియర్‌గానే ఉన్నాయి, కానీ పొదిగిన రాళ్లు మాత్రం కనిపించవు, దాంతో చూసేవాడి కన్ను ఫొటోతో పాటు ఉండకుండా మనసులోనే ఫోకస్ సరిచేద్దామని ప్రయత్నిస్తూ ఉంటుంది. ఆ ప్రయత్నం మొదలైందంటే చూసేవాడికి అది తప్పులాగే అనిపిస్తుంది. ఇంకా లోతుకి వెళ్లాలి నువ్వు, గాజు అనే ఆకారం పూర్తిగా పోయి ఒక్కో అద్దం ముక్కా ఒక్కో వెలుగు బిళ్ల అయ్యేదాకా.

దానికి దారి ఇది. లెన్స్ ముందు జానెడు దూరంలో నీ చెయ్యి పెట్టి దాని మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చెయ్యి, తర్వాత చెయ్యి తీసేసి గాజుల వైపు తిప్పు. ఎంత దగ్గర్లో లాక్ చేస్తే వెనక బిళ్లలు అంత పెద్దవవుతాయి. ఫోన్ తనంతట తనే మ్యాక్రో లెన్స్‌కి (బాగా దగ్గరి వస్తువులు తీసేదానికి) మారిపోతుంటే సెట్టింగ్స్‌లో అది ఆపేయ్. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి మాత్రం పోకు, అది ఫోన్ లెక్క వేసి పూసిన మసక, సన్నటి గాజుల అంచుల దగ్గర తప్పు చోట కత్తిరించేస్తుంది. కెమెరా ఉంటే అపర్చర్ (లెన్స్‌లో వెలుగు లోపలికొచ్చే రంధ్రం) పూర్తిగా తెరువు, బిళ్లలు గుండ్రంగా వస్తాయి, కొంచెం మూస్తే లోపలి రేకుల లెక్కని బట్టి కొన్ని లెన్సుల్లో ఆరు పలకలో ఏడు పలకలో అవుతాయి, ఆ తేడా కూడా ఫొటోలో ఒక మాటే.

లేదంటే దీనికి పూర్తి రివర్స్‌లో వెళ్లు. మొత్తం మసకలో ఒక్క గాజు అంచు, ఒక్క వెంట్రుకంత గీత షార్ప్‌గా వదులు. అప్పుడు కన్ను వెళ్లి అక్కడ కూర్చుంటుంది, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది. ఈ రెండిట్లో ఏదో ఒకటి, మధ్యలో వద్దు. ఇంకోటి, దుకాణం వాళ్లని అడిగి తియ్యి, బేరం టైమ్‌లో కాకుండా పొద్దున షాపు తెరిచే టైమ్‌కి వెళ్తే వాళ్లే ట్యూబ్‌లైట్ వేసి మరీ చూపిస్తారు, నాకైతే చాలాసార్లు అలాగే జరిగింది.

ప్రశ్న: హైదరాబాద్‌లో గీతలూ వెలుగూ బాగా దొరికే చోట్లు చెప్పరా? ఆదివారాలు మాత్రమే ఖాళీ.
– బ్యాంక్ ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: నన్నడిగితే మొదట సంతోష్‌నగర్ దగ్గర పైగా సమాధులు, అంటే నిజాముల కాలంనాటి పైగా వంశం వాళ్లవి. 18వ శతాబ్దం చివర్లో మొదలై తరాల పాటు కట్టుకుంటూ వచ్చినవి, గచ్చుతో చేసిన జాలీలు (చిల్లుల తెరలు), ఒకదాని డిజైన్ ఇంకోదానిలా ఉండదు, ఎండ వాటిల్లోంచి జారి నేల మీద పడితే జాలీ మీది నక్షత్రం సాగిపోయి ఇంకేదో ఆకారం అవుతుంది. నేను వెళ్లిన ప్రతిసారీ జాలీని తీద్దామని వెళ్లి నేలని తీసుకుని వచ్చాను. అవి సమాధులు, ఆ మర్యాద మర్చిపోకండి, మీద ఎక్కడాలు, కాళ్లు పెట్టడాలు వద్దు.

రాళ్లు ఇష్టమైతే ఖాజాగూడ గుట్టలు. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, దాని మీద గరుకు కనిపించాలంటే ఎండ రాయిని పక్క నుంచి రాసుకుంటూ పోవాలి, అంటే సూర్యుడొచ్చిన మొదటి గంట. పదింటికి వెళ్తే అదే రాయి చదునుగా గోడలా ఉంటుంది. మే 9కి అటూ ఇటూ, ఆగస్టు 3కి అటూ ఇటూ మనకి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడే పడదు, ఆ రోజుల్లో మధ్యాహ్నం గోడల మీద మాత్రం చూడండి, చిన్న పెచ్చుకి కూడా పొడుగాటి నీడ కిందకి వేలాడుతుంది. నేల మీద పోయిన గీతలన్నీ గోడల మీదకి వస్తాయి.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి గురించి చాలామంది రాశారు. బాగుంటుంది, కానీ బ్రిడ్జి మీద బండి ఆపొద్దు, చెరువు గట్టు మీంచి తీసుకోండి, కేబుళ్ల కంటే నీళ్లల్లో విరిగిన వాటి గీతలు నాకు ఎక్కువ నచ్చాయి.

ప్రశ్న: అక్కా, కెమెరా కదిపి తీసే ఫొటోలు ట్రై చేశా, అంతా గంజి కలిపినట్టు వస్తోంది. ఎలా?
– ఇంటర్ విద్యార్థి, నల్లకుంట

జవాబు: గీత ఎటు పోతోందో అటే కదపాలి, అదొక్కటే రహస్యం. తాటి చెట్ల మొదళ్లు నిలువుగా ఉంటే ఫోన్‌ని కూడా నిలువుగానే, పై నుంచి కిందకి ఒక్క ఊపులో, అప్పుడు నిలువు గీతలు నిలబడతాయి, అడ్డంగా ఉన్నవన్నీ, ఆకులూ గోడలూ బోర్డులూ, తుడిచిపెట్టుకుపోతాయి. అడ్డంగా కదిపితే మొదళ్లే పోతాయి, నీకు గంజి అందుకే వచ్చింది. ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే పెట్టుకునేది) షట్టర్ 1/8 నుంచి 1/4 సెకను మధ్య, ఐఎస్ఓ (ఫోన్ వెలుగుని ఎంత పెంచాలో చెప్పే అంకె) 50, పట్టపగలు వద్దు, చాలా ఫోన్లలో అపర్చర్ మూసే వీలుండదు కాబట్టి ఫొటో మొత్తం తెల్లబోతుంది. పొద్దుగూకాక, వీధి దీపాలు వెలిగే ముందు ఒక ఇరవై నిమిషాలు ఉంటుంది చూడు, అప్పుడు మీ గల్లీలో కరెంటు తీగల కింద నిలబడు. తీగలు ఎటు సాగితే అటు, నడుము నుంచి పైభాగం మొత్తం తిప్పుతూ, ఆగకుండా. ఒక సాయంత్రానికి వంద తీస్తే మూడు మిగులుతాయి, ఆ మూడూ నాకు పంపు.