నోటి వాసన చూసే పని పిల్లాడిది కాదు

రామంతాపూర్ నుంచి ఒకావిడ రాశారు: "మావారికి 41 ఏళ్లు. ఒకప్పుడు లీగ్ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్. మోకాలు దెబ్బతిన్నాక తాగుడు మొదలై 11 ఏళ్లు సాగింది. డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి వచ్చి 5 నెలలైంది, ముట్టలేదు. మొన్న ఆదివారం అందరం ఒక సినిమా చూశాం. తాగుబోతు ఆటగాడికి పిల్లల టీమ్ అప్పజెప్తే, వాళ్లతో పడి మానేస్తాడు. కామెడీ బాగుంది. హీరో గ్రౌండ్‌లో తూలి పడితే, 12 ఏళ్ల మా బాబు 'అచ్చం డాడీలాగే' అని నవ్వాడు. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. బాబు చాలా తెలివైనవాడు. ఆయన రాగానే దగ్గరికెళ్లి నోటి వాసన చూసి, బ్యాగ్ వెతికి నాకు కళ్లతోనే చెప్పేస్తాడు. ఆ సినిమా ఆయనకి మళ్లీ చూపిస్తే మంచిదా, లేక తాగుడు గుర్తొస్తుందా? కూరలో కలిపే మాత్ర ఒకటి ఉందని పక్కింటావిడ చెప్పింది, వాడనా?"

సినిమా సంగతి వదిలేయండమ్మా. చూపించినా ఒకటే, చూపించకపోయినా ఒకటే. వాళ్లు ఒక్క పాటలో గడ్డం గీయించి, గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తారు. మానేసిన రెండో రోజో మూడో రోజో చేతులు వణికి, గోడ మీద లేని పురుగులు పాకుతున్నాయని అరిచే రాత్రి ఆ పాటలో ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు ఒక్కసారిగా ఆగిపోయి ఎర్రగడ్డ ఆస్పత్రికి ఎంతమంది వచ్చారో మన ఊళ్లో అందరికీ తెలుసు. అది ఒంటికి పట్టిన జబ్బు, కామెడీ చూస్తే పోదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ నోటి వాసన మాట. దాన్ని మీరు పిల్లాడి తెలివి కింద రాశారు. 12 ఏళ్ల కొడుకు వచ్చి మీద పడితే, అది ప్రేమో తనిఖీనో ఆ తండ్రికి తెలియదనుకున్నారా? రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసు మిషన్‌లో ఊదమంటేనే మనకి తల కొట్టేసినట్టుంటుంది. ఆయనకి అది రోజూ, సొంత గడపలో, కన్నకొడుకు చేత. మొన్న లేచి వెళ్లింది కూడా ఆ నవ్వుకే. అయినా వైన్స్‌కి పోలేదు, బాల్కనీకే పోయారు. అది మీరు చూడలేదు.

మీ బాధ నాకు తెలుసు. అన్నేళ్లు అబద్ధాలు విన్న మనిషిని ఇవాళ నమ్మెయ్యమని నేననను. కానీ 'తాగారా?' అని అడగాల్సింది మీరు. ఎదురుగా అడగడానికి మీకున్న భయాన్నో మొహమాటాన్నో బిడ్డ నెత్తిన పెట్టారు. ఇది చదివి నాకు కోపం వచ్చింది, దాచను. రేపు ఆయన జారితే (మొదటి ఏడాదిలో చాలామంది జారతారు) ఆ కబురు మోసుకొచ్చేది వాడేగా? ఆ తర్వాత ఇంట్లో జరిగే గొడవంతా తన వల్లే అనుకుంటాడు.

ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ టోనీ ఆడమ్స్ 1996లో తన తాగుడు గురించి తోటి ఆటగాళ్లకి తనే నోరు తెరిచి చెప్పుకున్నాడు. 1998లో అదే జట్టుకి కెప్టెన్‌గా లీగ్ గెలిచాడు. కప్పు మాట అటుంచండి. తనంతట తను చెప్పుకున్నాడు కాబట్టే డ్రెస్సింగ్ రూమ్‌లో తలెత్తుకుని తిరిగాడని నేననుకుంటాను. మీవారికీ ఆ అవకాశం ఇవ్వండి. 'నాకు జబ్బు చేసింది, తగ్గించుకుంటున్నాను' అని బాబుకి ఆయన్నే చెప్పనివ్వండి. మీరు మాత్రం ముందే వాణ్ని పిలిచి, 'ఇకనుంచి డాడీని నువ్వు చూడక్కర్లేదు నాన్నా, అది నా పని' అనండి. తర్వాత ఇద్దరికీ ఒక బంతి ఇచ్చి కిందికి పంపండి. లైన్ అండ్ లెంగ్త్ నేర్పడానికి మోకాళ్లు అక్కర్లేదు. పైనుంచి తొంగి చూడకండి.

అనుమానం వచ్చిన రోజు బాబు లేనప్పుడు అడగండి. మీకు తట్టుకోవడం కష్టమైతే 14416కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఆ మాత్ర. పక్కింటావిడ చెప్పింది బహుశా డైసల్ఫిరామ్. తెలియకుండా కూరలో కలిపారో, ఆయన బయట ఒక్క పెగ్గు వేసినా వాంతులు, గుండె దడ, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది డాక్టరు రాస్తే, ఆయన ఒప్పుకుని, ఆయన చేత్తో వేసుకోవాల్సిన మాత్ర. అప్పుడు నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేది కూడా మీరే, బాబు కాదు.